ల్యాప్‌టాప్ అమ్మేసి పీఎస్5 కొనేయనా అన్నా?

ప్రశ్న: అన్నా, నా దగ్గర ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ ఉంది, 8 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ, విండోస్ 11. కొని మూడేళ్లు దాటింది. ఇప్పుడు ఏ గేమ్ పెట్టినా ఏదో ఒక గొడవ. ఇరవై నిమిషాలు బాగానే నడుస్తది, తర్వాత ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) సగానికి పడిపోతది. కొత్త గేమ్స్‌లో కెమెరా తిప్పితే చాలు ఆగి ఆగి వస్తది. ఒక గేమేమో వీడియో మెమరీ సరిపోలేదు అని క్రాష్ అయితది, ఇంకోటి వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ లేదంటది, వాలరెంట్ అయితే సెక్యూర్ బూట్ ఆన్ చెయ్ అని అసలు ఓపెనే కాదు. ఆఫీస్ నుంచి వచ్చాక దొరికేదే రెండు గంటలు, అందులో గంట ఫిక్స్‌లు వెతకడానికే పోతోంది. ఫ్రెండ్స్‌తో సీఎస్2 (కౌంటర్ స్ట్రైక్ 2), వాలరెంట్ ఆడతా, ఒక్కణ్ణే ఉన్నప్పుడు స్టోరీ గేమ్స్, చెల్లేమో ఫుట్‌బాల్ గేమ్ ఆడదాం అంటది. ఇది అమ్మేసి పీఎస్5 కొనేయనా, లేక కొంచెం ఆగి డెస్క్‌టాప్ బిల్డ్ చేస్కోనా?

జవాబు: తమ్ముడూ, తేల్చి చెప్పాల్సింది ముందే చెప్పేస్తా, వివరాలు తర్వాత. ల్యాప్‌టాప్ అమ్మకు. పీఎస్5 వద్దని కాదు, కొన్నాళ్లు పోయాక నువ్వు కొనేది అదే అవ్వొచ్చు కూడా, కానీ ల్యాప్‌టాప్ తీసేసి దాని ప్లేస్‌లో పీఎస్5 పెడదాం అనుకుంటున్నావ్ చూడు, అది కుదరదు. ఎందుకంటే సీఎస్2 ఏ కన్సోల్లోనూ, అంటే పీఎస్5, ఎక్స్‌బాక్స్ లాంటి టీవీకి పెట్టే ఏ గేమ్ డబ్బాలోనూ లేదు. దాని ముందు వెర్షన్, 2012లో వచ్చిన గ్లోబల్ అఫెన్సివ్, అప్పట్లో పీఎస్3కి, ఎక్స్‌బాక్స్ 360కి కూడా వచ్చింది గానీ 2023లో వచ్చిన సీఎస్2 పీసీకి మాత్రమే ఇచ్చారు. వాలరెంట్ 2024లో పీఎస్5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కి వచ్చింది, కానీ కన్సోల్ వాళ్లు కన్సోల్ వాళ్లతోనే ఆడాలి, పీసీలో ఉన్న నీ గ్యాంగ్‌తో ఒకే మ్యాచ్‌లో కూర్చోలేవు. అంటే ల్యాప్‌టాప్ అమ్మిన మర్నాడే నీ ఫ్రెండ్స్ అందరూ ఆన్‌లైన్లో ఉంటారు, నువ్వు ఒక్కడివే సోఫాలో ఉంటావ్.

ఇంకోటి, నువ్వు రాసిన ఐదు కంప్లైంట్లలో మిషన్ పాతబడటం వల్ల వచ్చింది ఒక్కటే, ఆ వీడియో మెమరీది. మిగతా నాలుగూ ఒక వీకెండ్‌లో తేలిపోయేవి, లేదా కనీసం బాగా తగ్గిపోయేవి. అవేంటో తెలీకుండా డెస్క్‌టాప్ కొన్నా అవే గొడవలు కొత్త డబ్బాలోకి వచ్చి కూర్చుంటాయి.

ఇరవై నిమిషాల తర్వాత ఎఫ్‌పీఎస్ సగానికి పడిపోవడం అంటే దాదాపు ఖాయంగా వేడి. గేమ్ స్టార్ట్ అయినప్పుడు చిప్పులు చల్లగా ఉంటాయి కాబట్టి ఫుల్ స్పీడ్‌లో ఉరుకుతాయి, వేడి మెల్లగా పేరుకుని లిమిట్‌కి చేరగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోడానికి స్పీడ్ తగ్గించేస్తుంది, దాన్నే థ్రాటిల్ అవ్వడం అంటారు. ఇది నా మాట మీద నమ్మక్కర్లేదు, కళ్లతో చూడొచ్చు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేస్కో, ఏ కంపెనీ ల్యాప్‌టాప్‌లో అయినా పని చేస్తుంది, ఫ్రీ కూడా, దాంతో పాటే వచ్చే రివాట్యూనర్‌తో స్క్రీన్ మూలన సీపీయూ (ప్రాసెసర్) టెంపరేచర్, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) టెంపరేచర్, జీపీయూ క్లాక్ స్పీడ్, ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ కనిపించేలా పెట్టుకో. ఇప్పుడు గేమ్ ఆడుతూ చూడు. సీపీయూ 95 నుంచి 100 డిగ్రీల దగ్గర అతుక్కుపోయి, లేదా జీపీయూ 80ల చివర్లోకి వెళ్లి, సరిగ్గా అదే టైమ్‌కి క్లాక్ నంబర్ కిందికి జారిపోయిందనుకో, దొంగ దొరికాడు. టెంపరేచర్లు మామూలుగానే ఉండి ఎఫ్‌పీఎస్ పడిపోతే అది వేరే కథ, అప్పుడు మళ్లీ రాయి.

వేడికి మందు ఏంటంటే, ముందు మూడేళ్ల దుమ్ము తియ్యాలి. బయటి జాలీ మీద ఊదితే పోయేది కాదు ఇది. ల్యాప్‌టాప్ అడుగు మూత తీస్తే ఫ్యాన్ కనిపిస్తుంది, ఫ్యాన్ గాలి బయటికి పోయే చోట సన్నటి రాగి రేకులు వరసగా ఉంటాయి, ఫ్యాన్‌కీ ఆ రేకులకీ మధ్య ఇరుకులో దుమ్ము అంతా ఒత్తుకుపోయి బూడిద రంగు దుప్పటి ముక్కలా తయారవుతుంది. పైనుంచి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది, తిరుగుతూనే ఉంటుంది, చప్పుడు కూడా బానే చేస్తుంది, గాలి మాత్రం అటు దాటదు. దాన్ని ట్వీజర్‌తో మెల్లగా లాగితే ఒకే ముక్కగా ఊడొస్తుంది చాలాసార్లు. ఎయిర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకో, ఊరికే గిర్రున తిప్పితే బేరింగ్ దెబ్బతింటుంది. మూత తియ్యడం నీ వల్ల కాదనిపిస్తే సర్వీస్ వాళ్ల దగ్గరికి తీస్కెళ్లి క్లీనింగ్‌తో పాటు థర్మల్ పేస్ట్ కూడా మార్చమను, మూడేళ్లకి పేస్ట్ ఎండిపోయి ఉండే ఛాన్స్ ఎక్కువ. వారంటీ ఇంకా ఉంటే మాత్రం నువ్వు స్క్రూడ్రైవర్ ముట్టుకోకు.

ఖర్చు లేని పనులు ఇంకో మూడున్నాయ్. పరుపు మీద పెట్టి ఆడటం మానెయ్, కింద నుంచి గాలి పీల్చుకునే మిషన్ అది. ఫ్రేమ్‌రేట్ 60కి లాక్ చెయ్ – ఇది చాలామంది చెయ్యరు, ఎందుకో మరి, ఎఫ్‌పీఎస్ ఎంత ఎక్కువ కనిపిస్తే అంత గొప్ప అన్నట్టు వదిలేస్తారు, కాస్త తేలికైన స్టోరీ గేమ్ అయితే లాక్ లేనప్పుడు జీపీయూ ఊరికే 90, 100 ఫ్రేములు గీస్తూ కాలిపోతుంటుంది, గేమ్ మెనూలో ఏమీ జరగనప్పుడు కూడా. లాక్ చేస్తే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే ఇరవై నిమిషాల తర్వాత కూడా అదే 60 ఉంటుంది. సీఎస్2కి మాత్రం లాక్ వద్దులే, అక్కడ ప్రతి ఫ్రేమూ కావాలి. ఇంకా, ఛార్జర్ పెట్టకుండా ఎప్పుడూ ఆడకు, బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డుకి అందే పవరే చాలా తక్కువ. ఇది తెలీక ల్యాప్‌టాప్ పాడైపోయింది అని గోల పెట్టేవాళ్లు నాకు రాసేవాళ్లలో తక్కువేం లేరు.

రెండోది, కెమెరా తిప్పితే ఆగి ఆగి రావడం, స్టట్టర్. దీన్ని కాస్త ఓపిగ్గా చదువు, పీసీకీ కన్సోల్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంది. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు టైమ్. మధ్యలో ఒకే ఒక్క ఫ్రేమ్ 100 మిల్లీసెకన్లు తీస్కుందనుకో, ఆరు ఫ్రేముల చోట ఒకటే వచ్చినట్టు, నీ చేతికి ఆ కుదుపు స్పష్టంగా తెలుస్తుంది, కానీ మూలన ఉన్న నంబర్ 60 నుంచి 55కి మాత్రమే దిగుతుంది. అందుకే ఎఫ్‌పీఎస్ నంబర్ చూడొద్దు, ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ చూడమంటున్నా, అది సాఫీ గీతలా ఉండాలి, మధ్యలో ముల్లులా పైకి లేస్తే అదే స్టట్టర్.

ఆ ముల్లు ఎందుకు లేస్తుందంటే, ఒక కారణం షేడర్లు. స్క్రీన్ మీద ప్రతి మెరుపు, నీడ, నీళ్లు, పొగ అన్నిటికీ షేడర్ అని చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, దాన్ని నీ గ్రాఫిక్స్ కార్డుకి, నీ డ్రైవర్ వెర్షన్‌కి సరిపోయేలా తర్జుమా చెయ్యాలి, దీన్నే కంపైల్ అంటారు. పీఎస్5 లాంటి దాంట్లో ఉన్న చిప్ ఒకటే, అందరిదీ అదే, కాబట్టి డెవలపర్లు ఆఫీస్‌లోనే ఒకసారి కంపైల్ చేసేసి గేమ్‌తో పాటు పంపించేస్తారు. పీసీలో ఎవడి దగ్గర ఏ కార్డు ఉందో వాళ్లకేం తెలుసు, కాబట్టి ఆ పని నీ ఇంట్లో నీ మిషన్ మీద జరగాల్సిందే. మంచి గేమ్ అయితే మొదటిసారి ఓపెన్ చేసినప్పుడే షేడర్లు తయారవుతున్నాయి కాసేపు ఆగండి అంటుంది, అప్పుడు ఆగు, స్కిప్ కొట్టకు. చెత్తగా చేసిన గేమ్ అయితే నువ్వు ఆడుతుండగా మధ్యలో తయారు చేస్కుంటుంది, కొత్త పేలుడు కనపడగానే ఒక కుదుపు, కొత్త ఏరియాలోకి పోగానే ఇంకో కుదుపు. 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు గేమ్ మొదలయ్యే ముందు ఈ షేడర్ల పనికే చాలా సేపు పట్టేస్తోందని జనం గగ్గోలు పెట్టారు, తర్వాత ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లు వస్తే గానీ ఆ గేమ్ దారికి రాలేదు. అదే గేమ్ పీఎస్5లో డిస్క్ పెడితే నడిచింది. దీన్ని కనిపెట్టడం తేలిక, అదే చోటికి రెండోసారి వెళ్లు, కుదుపు రాకపోతే షేడర్లే. వాటికి నువ్వు చెయ్యగలిగింది ఓపిక పట్టడం, డ్రైవర్ని ఊరికే వారానికోసారి మార్చకుండా ఉండటం, ఎందుకంటే డ్రైవర్ మారితే షేడర్లన్నీ మళ్లీ మొదటి నుంచి తయారవ్వాలి.

నీ విషయంలో మాత్రం నా అనుమానం అంతా ర్యామ్ మీద. విండోస్, బ్రౌజర్, డిస్కార్డ్, రెండు మూడు లాంచర్లు అన్నీ కలిపి 8 జీబీలో సగం దాకా ముందే తినేస్తాయి, కొత్త గేమ్ ఒక్కటే 16 జీబీ ఉంటే బాగుండు అని అడుగుతుంది, సరిపోనిదంతా ఎస్ఎస్‌డీ మీదికి పోయి వస్తుంటుంది, ఎస్ఎస్‌డీ ఎంత ఫాస్ట్ అయినా ర్యామ్ ముందు నిలబడలేదు కదా. గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కు. 90 శాతం పైన వాడుతుంటే అనుమానం తీరినట్టే. అక్కడే కింద స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది, 2లో 1 అని చూపిస్తే నీ అదృష్టం బాగున్నట్టు, అదే టైపు అదే స్పీడు ఇంకో 8 జీబీ స్టిక్ కొని రెండో స్లాట్‌లో పెట్టు. మెమరీ రెట్టింపు అవ్వడమే కాదు, రెండు స్టిక్కులు ఉంటే డ్యూయల్ ఛానెల్‌లో పని చేస్తాయి కాబట్టి ప్రాసెసర్‌కి డేటా అందే దారి కూడా వెడల్పు అవుతుంది, సీఎస్2 లాంటి వాటిల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, కాబట్టి కొనే ముందు మోడల్ నంబర్ పట్టి చూస్కో. నీ మిషన్ మీద డబ్బు పెట్టదలుస్తే మొట్టమొదట పెట్టాల్సింది ఇక్కడే.

ఇక వీడియో మెమరీ సరిపోలేదు అన్నది నీ కేసులో నిజమే చెప్తోంది, 4 జీబీ ఇవాళ్టి పెద్ద గేమ్స్‌కి తక్కువే, దాన్ని పెంచే దారి లేదు. కాకపోతే సెట్టింగ్స్‌లో అన్నీ లోలో పెట్టేసి గేమ్‌ని అసహ్యంగా చేస్కోకు. మెమరీని ఎక్కువ తినేది టెక్స్చర్ క్వాలిటీ, అంటే గోడలు, బట్టలు లాంటి వాటి మీద అతికించే బొమ్మల నాణ్యత, దాన్ని మీడియంకో లోకో దించు. షాడోస్, రిఫ్లెక్షన్స్ లాంటివి ఎక్కువగా స్పీడ్‌ని తింటాయి, వాటిని విడిగా చూస్కో. రే ట్రేసింగ్ ఆఫ్, దాని గురించి ఆలోచించకు కూడా. డీఎల్ఎస్ఎస్ ఉంటే క్వాలిటీ మోడ్‌లో పెట్టు, గేమ్ తక్కువ రెజల్యూషన్‌లో గీసి పెద్దది చేస్తుంది కాబట్టి మెమరీకీ కాస్త ఊపిరి. ఫ్రేమ్ జనరేషన్ అని ఇంకోటి ఉంటుంది, అసలు ఫ్రేముల మధ్యలో కల్పించిన ఫ్రేములు పెడుతుంది, అసలు ఫ్రేములే 30 ఉన్నప్పుడు దాన్ని ఆన్ చేస్తే నంబర్ 55 చూపిస్తుంది గానీ మౌస్ బురదలో ఈదినట్టే ఉంటుంది, అది బలమున్నోడికి ఇంకాస్త బలం ఇచ్చేదే, లేనోడికి కాదు.

ఇక్కడ వేరే పాఠకుల కోసం ఒక మాట, డెస్క్‌టాప్‌లో ఇంటెల్ 13, 14 జనరేషన్ పెద్ద ప్రాసెసర్లు ఉన్నవాళ్లకి 12 జీబీ, 16 జీబీ గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని కూడా ఇదే మెసేజ్ వస్తుంటే గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకోకండి. ఆ ప్రాసెసర్లలో కొన్ని ఎక్కువ వోల్టేజ్ వల్ల దెబ్బతింటున్నాయని 2024లో బయటపడింది, అన్‌రియల్ ఇంజిన్ గేమ్స్ షేడర్లు విప్పేటప్పుడు లెక్క తప్పి వీడియో మెమరీ లేదని అబద్ధం చెప్పేవి. ఇంటెల్ దాన్ని ఆపడానికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది కూడా. అది బయోస్‌తో (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) వస్తుంది కాబట్టి బయోస్ అప్‌డేట్ చెయ్యండి, ఆల్రెడీ దెబ్బతిన్న చిప్‌ని అప్‌డేట్ బాగు చెయ్యదు కాబట్టి క్రాష్‌లు ఆగకపోతే వారంటీలో మార్పించుకోండి.

డీఎల్ఎల్ అంటే గేమ్ నడవడానికి కావాల్సిన ఒక ఫైల్, అది లేదన్నదానికి రెండు నిమిషాల పని. కానీ దయచేసి ఆ డీఎల్ఎల్ పేరు గూగుల్ చేసి ఎవడో పెట్టిన ఫైల్ దించుకుని సిస్టమ్ ఫోల్డర్లో పడెయ్యకు, అందులో ఏముంటుందో దేవుడికే తెలియాలి. వీసీరన్‌టైమ్, ఎంఎస్‌వీసీపీ అని మొదలయ్యేవన్నీ మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీలోవి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించి ఎక్స్64, ఎక్స్86 రెండూ వేసెయ్. 64 బిట్ విండోస్‌కి ఎక్స్86 ఎందుకు అంటావేమో, పాత గేమ్స్, కొన్ని లాంచర్లు ఇంకా 32 బిట్‌వే ఉన్నాయ్. తర్వాత కూడా తేడా చేస్తే స్టీమ్‌లో, అంటే పీసీ గేమ్స్ కొనే యాప్‌లో, గేమ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో ఫైల్స్ సరిగ్గా ఉన్నాయో లేదో వెరిఫై చెయ్యమను, పాడైన ఫైల్ ఒక్కటే మళ్లీ దించుకుంటుంది, మొత్తం 100 జీబీ మళ్లీ దించక్కర్లేదు. అది క్రాక్ గేమ్ అయితే మాత్రం నన్నడగకు, అందులో ఏ ఫైల్ ఎవడు మార్చాడో నేనెలా చెప్పను.

వాలరెంట్ సంగతి. విండోస్ 11లో దాని యాంటీ చీట్ (మోసం చేసి ఆడేవాళ్లని పట్టే సాఫ్ట్‌వేర్) వ్యాన్‌గార్డ్‌కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, మిషన్ లేచేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేరే నడిచేలా చూసే సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి, లేకపోతే గేమ్ తెరుచుకోదు. ఇదొక్కటే కాదు, 2025లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా సెక్యూర్ బూట్ అడుగుతోంది, కాబట్టి ఎలాగూ చేస్కోవాల్సిన పనే. స్టార్ట్ మెనూలో ఎంఎస్ఇన్ఫో32 కొట్టి బయోస్ మోడ్ దగ్గర యూఈఎఫ్ఐ అని ఉందా చూడు. ఉంటే బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఎనేబుల్ చేసి సేవ్ చేస్తే అయిపోయింది. లెగసీ అని ఉంటే ఎవరో విండోస్ పాత పద్ధతిలో వేశారన్నమాట, అప్పుడు డిస్క్‌ని ఎంబీఆర్ అనే పాత పద్ధతి నుంచి జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి, దానికి విండోస్‌లోనే టూల్ ఉంది గానీ ఫైల్స్ బ్యాకప్ తీస్కోకుండా దాని జోలికి పోకు. అన్నిటికంటే ముందు ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు, బయోస్‌లో చెయ్యి పెట్టే ముందు నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి బిట్‌లాకర్ రికవరీ కీ ఉందేమో చూసి రాసి పెట్టుకో. చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది, సెక్యూర్ బూట్ మార్చగానే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల కీ అడగొచ్చు, అది లేకపోతే ఆఫీస్ ఫైళ్లతో సహా అన్నీ చిక్కులో పడతాయి.

ఇప్పుడు పీఎస్5 సంగతికొద్దాం. నువ్వు అడిగిన ప్రశ్నని జనం ఎప్పుడూ ఏది పవర్‌ఫుల్ అని కొట్టుకుంటారు, నా లెక్కలో ప్రశ్న అది కానే కాదు. రిపేరు పని ఎవరి నెత్తిన పడుతుంది అన్నదే ప్రశ్న. పైన నేను ఇన్ని పేరాలు రాసింది అంతా పీసీలో నీ డ్యూటీ, కన్సోల్‌లో అదంతా సోనీ వాళ్లదీ, గేమ్ చేసినవాళ్లదీ. 2020 నవంబర్లో కొన్న పీఎస్5 ఇవాళ్టికీ కొత్త గేమ్ పెడితే నడుస్తుంది, ఎందుకంటే గేమ్ చేసేవాడు ఆ డబ్బానే ఎదురుగా పెట్టుకుని చేస్తాడు. రెస్ట్ మోడ్‌లో పెట్టి మర్నాడు బటన్ నొక్కితే నిన్న ఆపిన చోటే లేస్తుంది, రోజుకి రెండు గంటలు దొరికే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. గేమ్స్ కూడా కొన్ని అక్కడికే ముందొస్తాయి, జీటీఏ 5 కన్సోల్స్‌కి 2013లో వస్తే పీసీకి 2015లో వచ్చింది, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అయితే ఏడాది తేడా, జీటీఏ 6 కూడా ప్రకటించింది పీఎస్5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కే. తిరగేసి చూస్తే సోనీ సొంత గేమ్స్ చాలానే పీసీకి ఆలస్యంగానైనా వచ్చాయి, 2018 గాడ్ ఆఫ్ వార్ 2022 జనవరిలో వచ్చింది. ఆగగలిగేవాడికి పీసీ, ఆగలేనివాడికి కన్సోల్.

అలాగని కన్సోల్ కొంటే ఇక ఏ చింతా ఉండదని కూడా అనుకోకు. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 పాత కన్సోల్స్‌లో ఎంత ఘోరంగా నడిచిందంటే సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసింది, 2021 జూన్‌లో గానీ మళ్లీ పెట్టలేదు. పీసీలో అయితే అలాంటప్పుడు సెట్టింగ్స్ దించుకుని ఎలాగోలా ఆడతావ్, కన్సోల్‌లో వాళ్లు బాగు చేసేదాకా చేతులు కట్టుకుని కూర్చోడమే. డబ్బు పెట్టి కొన్న గేమ్‌ని ఆన్‌లైన్‌లో ఆడాలంటే పీఎస్ ప్లస్ అనే చందా కట్టాలి, ఫ్రీ గేమ్స్‌కి అక్కర్లేదనుకో. మొదటి మోడల్‌లో 825 జీబీ స్టోరేజ్ అంటారు, గేమ్స్‌కి మిగిలేది 667, పెద్ద గేమ్ ఒక్కోటి 100 దాటుతోంది, లెక్క నువ్వే వేస్కో. కంట్రోలర్ స్టిక్ కొన్నాళ్లకి దానంతటదే పక్కకి జరుగుతుంది, డ్రిఫ్ట్ అంటారు, అది ఖర్చు. డిస్క్ డ్రైవ్ లేకుండా కొంటే ఆడేసిన గేమ్ అమ్ముకోడానికీ, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోడానికీ ఉండదు. నన్నడిగితే స్టోరీ గేమ్స్ ఒకసారి ఆడి పక్కన పెట్టే నీలాంటివాడు డిస్క్ ఉన్నదే తీస్కోవాలి.

డెస్క్‌టాప్ గురించి ఎక్కువ చెప్పను. పైన రాసిందంతా చదువుతుంటే నీకు చిరాకు కాకుండా సరదా పుట్టిందా? పుడితే బిల్డ్ చేస్కో, నీ అంత సుఖపడేవాడు ఉండడు. గంట ఫిక్స్‌లకే పోతోంది అని నువ్వు రాసిన తీరు చూస్తే మాత్రం నాకు అలా అనిపించలేదు. ఒకవేళ చేస్కుంటే మూడు మర్చిపోకు: మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టు, మదర్‌బోర్డు పోర్టుకి కాదు, మానిటర్ 144 హెర్ట్జ్‌ది (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది) అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అదే ఎంచుకో, లేకపోతే అది 60లోనే ఉండిపోవచ్చు, బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చెయ్, లేకపోతే ఫాస్ట్ ర్యామ్ కొని స్లో స్పీడ్‌లో నడుపుతుంటావ్. ఖరీదైన మిషన్లు ఈ మూడు చిన్న తప్పులతో నెలల తరబడి నడుస్తుంటాయ్, ఓనర్లకి తెలీను కూడా తెలీదు.

ల్యాప్‌టాప్ బాగు చేశాక కొత్త గేమ్ ఏది కొన్నా స్టీమ్ రిఫండ్ రూల్ వాడుకో, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే డబ్బు వెనక్కిస్తారు. మొదటి గంటలోనే బాగా హడావిడిగా ఉండే సీన్ దాకా ఆడి చూడు, కట్ సీన్లు చూస్తూ కూర్చోకు. షేడర్లు తయారయ్యే టైమ్ కూడా ఆ రెండు గంటల్లోకే వస్తుంది, అది గుర్తుంచుకో.

మరి కన్సోల్ ఎప్పుడు కొనాలి అంటే, కొనే ముందు దాన్ని ఫ్రీగా ట్రై చేసే దారి ఒకటుంది. ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి టీవీకి కలిపెయ్, టీవీలో గేమ్ మోడ్ ఆన్ చెయ్, లేకపోతే బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి ఆలస్యం అవుతుంది. ఒక కంట్రోలర్ కొను, రెండోది ఎవరినైనా అడిగి తెచ్చుకో, చెల్లితో ఫుట్‌బాల్ ఆడు, రాత్రిపూట స్టోరీ గేమ్ సోఫాలో కూర్చుని ఆడు. నెల రోజులు గడిచాక చూస్కో, టీవీ ముందు ఎన్ని సాయంత్రాలు గడిపావో, డెస్క్ దగ్గర ఫ్రెండ్స్‌తో ఎన్ని గడిపావో. టీవీ గెలిస్తే అప్పుడు పీఎస్5 కొనుక్కో, ల్యాప్‌టాప్ సీఎస్2, వాలరెంట్‌లకి ఉండనే ఉంటుంది, ఆ రెంటికీ 3050 ఎక్కువే. డెస్క్ గెలిస్తే ఆ డబ్బు దాచుకో.

కంట్రోలర్ ఏది కొనాలో కూడా చెప్పేస్తా, మళ్లీ దానికో లెటర్ రాయకుండా. పీఎస్5 వైపు మనసు ఉంటే దాని సొంత కంట్రోలర్ డ్యూయల్‌సెన్సే కొను, అది పీసీలోనూ పని చేస్తుంది, పీఎస్5లోనూ పని చేస్తుంది. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కి విండోస్‌లో అస్సలు తిప్పలుండవు గానీ పీఎస్5కి పెడితే గేమ్స్‌లో పని చెయ్యదు. డ్యూయల్‌సెన్స్ పెట్టాక ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు అవుతుంటే కంగారు పడకు, గేమూ స్టీమూ రెండూ ఒకేసారి దాన్ని చదువుతున్నాయన్నమాట, గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఆ గేమ్ వరకు స్టీమ్ ఇన్‌పుట్ ఆఫ్ చేసెయ్.